గాలికి తగ్గింపు

గాలి బాగా వీస్తున్న వేళ గాలిమరలను ఆపించడం మయ్రా బెంతాన్‌కోర్ ఉద్యోగంలో ఒక భాగం. మంగళవారం మధ్యాహ్నం రెండుంబావుకు ఆ పని మళ్లీ వచ్చిపడింది.

కంట్రోల్ రూమ్ గోడంతా పరుచుకున్న తెర మీద దేశంలోని కరెంటు మొత్తం గీతలుగా, అంకెలుగా కదులుతోంది. గాలి నుంచి ఎనిమిది వందల మెగావాట్లు వస్తున్నాయి. మాంటెవీడియో శివారులోని గ్యాస్ టర్బైన్ నూట ఇరవై దగ్గర నడుస్తోంది. అంతకంటే తగ్గిస్తే అది నిలబడదు. పూర్తిగా ఆపేస్తే మళ్లీ అందుకోవడానికి నాలుగు గంటలు పడుతుంది. రియో నెగ్రో నది మీది డ్యాముల్లో నీటిని పొద్దున్నే కట్టేశారు. అయినా జనం వాడుకునేదానికంటే వంద మెగావాట్లు ఎక్కువగా ఉన్నాయి.

"ఉత్తరం కొండల మీదివి నలభై ఆపించు," అన్నాడు షిఫ్టు అధికారి హెబర్ పిరిస్. ఫ్లాస్కు చంకలో ఇరికించుకుని మాతే ఆకు నింపిన సొరకాయ బుర్రలోకి వేడినీళ్లు వంచుకుంటున్నాడు. "మీ ఊరివే కదా. నీ మాట వింటాయి."

మయ్రా ఫోన్ తీసింది. అవతల తకువారెంబో గాలిమరల కేంద్రంలో మనిషికి నలభై మరలు ఆపమని చెప్పింది.

"ఇంత గాలిలోనా?" అన్నాడు అతను.

"ఇంత గాలిలోనే."

"సరే. చదువుకున్నవాళ్లు మీరు, మీకే తెలియాలి," అని పెట్టేశాడు.

తెర మీద చుక్కలు ఒక్కొక్కటే ఆకుపచ్చ నుంచి బూడిదరంగులోకి మారాయి. ఆమె నలభై దాకా లెక్కపెట్టింది. వాళ్ల నాన్న గొర్రెల ఉన్ని కత్తిరించే కొట్టం గుమ్మంలో నిలబడితే ఆ వరసలో ఏడు మరలు కనిపిస్తాయి. అవి ఆగిన రోజు సాయంత్రం ఆయన ఫోన్ చేసి, "పాడయ్యాయా ఏంటే?" అని అడుగుతాడు. పాడవలేదు, మేమే ఆపాం అంటే ఆయనకు అర్థం కాదు. అసలు ఆమెకే అర్థం కావడం లేదు.

యంత్రాల సంగతి ఆమెకు తెలుసు. అర్థం కానిది మనిషి. మంగళవారానికి గాలి ఎంత వస్తుందో అంచనా కట్టి నిన్న మధ్యాహ్నమే ఆమె ఎనిమిది వందల ఇరవై అని రాసిచ్చింది. హెబర్ ఆ కాగితం తీసుకుని పక్క గడిలో ఐదు వందల డెబ్బై వేసుకున్నాడు. మిగిలిన రెండు వందల యాభైకి గ్యాస్ తెప్పించాడు. ఆమె ఈ ఉద్యోగంలో చేరి ఐదు నెలలు దాటింది. ఆమె ఎంత రాసినా అందులోంచి మూడో వంతు దాకా కొట్టేయడం ఆయనకు అలవాటు. ఎందుకు కొట్టేశాడో ఎక్కడా రాయడు. గాలి ఆమె చెప్పినట్టే వస్తుంది. అప్పుడు గ్యాస్‌ను ఆపలేక గాలిమరలను ఆపుతారు.

మూడు గంటలకు ప్రింటర్ దగ్గరికి వెళ్లినప్పుడు, ఎవరో తీసుకోవడం మరిచిపోయిన రెండు పేజీలు ట్రేలో కనిపించాయి. శుక్రవారం యాజమాన్యం ముందు పెట్టడానికి విభాగాధిపతి ఇంజనీరు మాబెల్ అర్రోస్పిదె తయారు చేయించిన నివేదిక. వచ్చే ఏడాదికి గ్యాస్‌ను ముందే పెద్దమొత్తంలో మాట్లాడుకోవాలని అందులో ఉంది. కారణం రెండో పేజీలో ఉంది. 'గత నలభై రోజుల్లో గాలి అంచనాకూ, వచ్చిన గాలికీ తేడా సగటున ముప్పై ఒక్క శాతం. అంచనా తయారు చేసినది: మ. బెంతాన్‌కోర్.'

ఆమె ఆ లైను రెండుసార్లు చదివింది. లెక్కకు తీసుకున్నది హెబర్ కొట్టేయగా మిగిలిన అంకె. దాని కింద రాసింది ఆమె పేరు.

పేజీలు ట్రేలో ఉన్నవి ఉన్నట్టే పెట్టి, తన బల్ల దగ్గరికి వచ్చి, నలభై రోజుల కాగితాలు బయటికి తీసింది. షిఫ్టు అయిపోయాక కూడా రెండు గంటలు కూర్చుంది. ఒక వరసలో తాను చెప్పింది, రెండో వరసలో ఆయన వాడింది, మూడో వరసలో నిజంగా వచ్చింది. తాను చెప్పినదానికీ వచ్చినదానికీ తేడా సగటున ఆరు శాతం తేలింది. రెండు రోజులు మాత్రం బాగా తప్పింది. ఆ రెండింటినీ పెన్నుతో చుట్టి, పక్కన 'నా తప్పు' అని రాసింది.

బుధవారం ఉదయం ఆ కాగితం మాబెల్ బల్ల మీద ఉంది. మాబెల్ కళ్లజోడు నుదుటి మీదికి నెట్టి, కాగితాన్ని ముఖానికి దగ్గరగా పెట్టుకుని చదివింది. హెబర్‌ను కూడా పిలిపించింది. ఆయన మాతే, ఫ్లాస్కూ పట్టుకునే వచ్చాడు.

"రెండో వరస నీదేనా?" అంది మాబెల్.

"నాదే."

"ఇన్నాళ్లూ ఇది అమ్మాయి అంచనా అనుకున్నాను."

"అనుకుంటే నేనేం చెయ్యను? మీరు అడగలేదు, నేను చెప్పలేదు," అన్నాడు హెబర్. మయ్రా వైపు తిరిగాడు. "చూడమ్మాయ్, నీ లెక్క తప్పని నేను అనలేదు. ఇక్కడ ముప్పై ఒక్క ఏళ్లు కూర్చున్నాను. ఊళ్లో కరెంటు పోతే ఫోన్ నాకు వస్తుంది. మంత్రి దగ్గర నుంచి మా చెల్లెలి దాకా అందరూ చేస్తారు. గ్యాస్ ఊరికే కాలిందనుకో, ఒక్కడూ ఫోన్ చెయ్యడు. ముప్పై ఒక్క ఏళ్లలో ఒక్క ఫోన్ రాలేదు."

"నాకు వస్తోంది దోన్ హెబర్. మా నాన్న చేస్తున్నాడు."

"మర్యాదకి ఆ దోన్ ఏంటి, మళ్లీ. ఇది పశువుల కొట్టం కాదు, హెబర్ అంటే చాలు." ఆయన మాతే పీల్చి, బుర్ర నింపి ఆమెకు అందించాడు.

మయ్రా తాగింది. ఖాళీ బుర్ర తిరిగి ఇస్తూ, "థాంక్స్," అంది.

హెబర్ చెయ్యి ఒక క్షణం ఆగింది. ఒకే బుర్రలో వంతులుగా తాగేచోట థాంక్స్ అన్నారంటే ఇక నా వంతు వద్దని. ఐదు నెలల్లో ఆమె ఆ మాట ఆయనతో ఎప్పుడూ అనలేదు. మాబెల్ కూడా తలెత్తి చూసింది.

"నాకు కావలసింది ఒక్కటే," అంది మయ్రా. "ఒక్క రోజు. నేను రాసిన అంకెను రాసినట్టు వాడండి. తప్పితే నా పేరు ఆ నివేదికలో అలాగే ఉంచండి."

"ఏ రోజు?"

"రేపు."

హెబర్ నవ్వాడు. "రేపు పరాగ్వేతో ఫుట్‌బాల్ మ్యాచ్. ఏడింటికి. ఏడాదిలో ఇంతకంటే చెడ్డ రోజు దొరకలేదా నీకు?"

"మంచి రోజు గెలిస్తే మీరు ఒప్పుకోరు."

మాబెల్ కళ్లజోడు కిందికి దించింది. "రేపు గాలి ఎంత?"

"తొమ్మిది వందలు. సాయంత్రం పూట కూడా తగ్గదు. గాలి దక్షిణం నుంచి వస్తోంది, శుక్రవారం మధ్యాహ్నం దాకా ఉంటుంది. పొద్దుటి నుంచీ గాలితో నడిపితే డ్యామ్‌లో నీళ్లు మిగులుతాయి. ఏడింటి తర్వాత ఏమైనా తక్కువ పడితే నీళ్లున్నాయి. గ్యాస్ అక్కర్లేదు."

"మ్యాచ్ లెక్క?"

"వేశాను. ఇంతకు ముందు జరిగిన పదకొండు మ్యాచ్‌లు చూశాను. ఆట నడుస్తున్నంతసేపూ వాడకం పడిపోతుంది. సగం ఆటకి అందరూ లేచి కెటిల్ పెడతారు. అయిపోగానే స్నానాల గదుల్లో హీటర్లు వేస్తారు. సగం ఆటకి నూట యాభై లేస్తుంది."

మాబెల్ హెబర్ కేసి చూసింది. ఆయన ఫ్లాస్కు మూత బిగించి, భుజాలెగరేశాడు.

"సంతకం తనే పెట్టాలి. రెండుచోట్లా," అన్నాడు. "తన ఆరు నెలల పరీక్షా కాలం ఈ నెలాఖరుతో అయిపోతుంది. అది కూడా గుర్తుంచుకోమనండి. నేను చెడ్డవాణ్ని కాదు, చెబుతున్నాను."

మర్నాటికి గ్యాస్ కావాలంటే ఆ రోజు మూడింటిలోపు చెప్పాలి. మూడుకు పది నిమిషాలుండగా మయ్రా గాలి గడిలో తొమ్మిది వందలు అని రాసింది. గ్యాస్ గడిలో సున్నా. తయారు చేసినవారి చోట సంతకం చేసి, షిఫ్టు అధికారి చోట కూడా చేసింది. రెండో సంతకం మొదటిదానికంటే చిన్నదిగా వచ్చింది.

గురువారం పొద్దున ఆరింటికి గాలి ఎనిమిది వందల తొంభై. పదింటికి తొమ్మిది వందల పది. కిటికీ బయట సముద్రం వైపు నుంచి వచ్చే గాలికి ప్రహరీ మీది రేకు టపటప కొట్టుకుంటోంది. హెబర్ ఆ రోజు ఆమె పక్కన కూర్చోకుండా, వెనక బల్ల దగ్గర కూర్చున్నాడు. రెండు గంటలకొకసారి లేచి వచ్చి, తెర చూసి వెళ్లిపోయాడు. గ్యాస్ టర్బైన్ ఉండే మూలలో తెర నల్లగా ఉంది. ఆ మూల అలా నల్లగా ఉండటం మయ్రా ఇప్పటిదాకా చూడలేదు.

సాయంత్రం చీకటి పడింది. ఊరంతా దీపాలు వెలిగాయి. ఆఫీసులు మూసేశారు. ఇళ్లకు చేరినవాళ్లు చలికి హీటర్లు వేశారు. వాడకం గీత ఎక్కుతూ ఎక్కుతూ ఏడింటికి ఆమె ముందే గీసిన గీతను సరిగ్గా తాకింది. మ్యాచ్ మొదలైంది. గీత ఒరిగింది. టీవీల వెలుగు తప్ప దేశంలో ఇంకేమీ కదలనట్టు, అంకెలు మెల్లగా కిందికి జారాయి.

"బాగానే ఉంది," అన్నాడు హెబర్ వెనక నుంచి. "ఇంతవరకూ."

ఏడూ నలభై ఏడుకు సగం ఆట అయింది.

సరిహద్దు లైను మీద సున్నా ఉండాలి. అర్జెంటీనా కరెంటు అడక్కుండా ఇటు రాకూడదు. ఆ అంకె సున్నా నుంచి ఇరవైకి లేచింది. మయ్రా డ్యామ్‌లో రెండో యంత్రం పెంచింది. ముందే అనుకున్నది. అంకె తగ్గాలి. నలభై ఐదు అయింది. ఆమె వేసిన నూట యాభై దాటిపోయింది వాడకం. నూట డెబ్బై. నూట తొంభై. గాలి తొమ్మిది వందల ఐదు దగ్గర, గుంజకు కట్టినట్టు కదలకుండా ఉంది.

హెబర్ లేచి వచ్చి ఆమె కుర్చీ వెనక నిలబడ్డాడు. చేతిలో పేటల జాబితా ఉంది. సరిహద్దు లైను వంద దాటి ఐదు నిమిషాలుంటే ఒక పేటకు కరెంటు తీసేయాలి.

"మొదటిది సెర్రో," అన్నాడు. "సగం ఆటలో సెర్రోకి కరెంటు తీస్తే మా చెల్లెలు నన్ను గడప తొక్కనివ్వదు. చెప్పు. ఏం చేద్దాం?"

"మూడో యంత్రం," అంది మయ్రా. అప్పటికే ఫోన్ చెవి దగ్గర ఉంది. "ఎల్బియో, మూడోది తిప్పండి. తొంభై కావాలి."

డ్యామ్ మీద డ్యూటీలో ఉన్న ఎల్బియో గొంతు నింపాదిగా వచ్చింది. "తిప్పమని చెప్పాను, తిప్పుతున్నారు. నీ ఫోన్ వస్తుందని తెలుసు. వంటగదిలో మావాళ్లు కరెంటు పొయ్యి మీద గిన్నె ఎక్కించినప్పుడే అనుకున్నా."

"ఏం గిన్నె?"

"ఇవాళ ఇరవై తొమ్మిది కదమ్మా. న్యోకీలు. ఆట ఆగితే గానీ నీళ్లు పొయ్యనన్నాడు మావాడు. దేశమంతా అదే అంటుంటారు."

ఆమెకు చెవుల దాకా వేడెక్కింది. నెలకొకసారి, ఇరవై తొమ్మిదో తారీఖున, ఈ దేశంలో ఇల్లనేది ఏదైనా బంగాళాదుంప ఉండలు ఉడకబెట్టుకుంటుంది. డబ్బు కలిసిరావాలని పళ్లెం కింద నోటు పెట్టుకుని తింటుంది. వాళ్లమ్మ ఇప్పుడు అదే చేస్తూ ఉంటుంది. పదకొండు మ్యాచ్‌లు చూసిన మయ్రా క్యాలెండర్ చూడలేదు. వాటిలో ఒక్కటి కూడా ఇరవై తొమ్మిదిన జరగలేదు.

సరిహద్దు అంకె డెబ్బై ఎనిమిది. తొంభై ఒకటి. నూట నాలుగు.

హెబర్ గోడ గడియారం చూసి పెన్నుతో జాబితా మీద సమయం వేసుకున్నాడు. వేలు సెర్రో పేరు మీద ఉంది.

"మూడోది అందుకోవడానికి నాలుగు నిమిషాలు," అంది మయ్రా.

"ఐదు ఉన్నాయి నీకు."

నూట పదకొండు. డ్యామ్ బొమ్మ పక్కన మూడో యంత్రం అంకె పన్నెండు అని వెలిగింది. ముప్పై. సరిహద్దు నూట తొమ్మిది. ఆమె మునివేళ్లు బల్ల అంచును పట్టుకుని ఉన్నాయి. మూడో యంత్రం యాభై ఐదు. సరిహద్దు తొంభై ఆరు. యంత్రం తొంభై. సరిహద్దు అరవై మూడు. సరిహద్దు అంకె ఇరవైకి వచ్చి, పన్నెండుకు దిగి, సున్నాకు ఇటూ అటూ ఊగడం మొదలుపెట్టాక హెబర్ వేలు జాబితా మీద నుంచి తీశాడు.

"న్యోకీలు," అన్నాడు. కుర్చీ లాక్కుని కూలబడి, చాలాసేపు చప్పుడు లేకుండా నవ్వాడు. పొట్ట మాత్రం కదిలింది. "ముప్పై ఒక్క ఏళ్లు. నాకూ తట్టలేదు. ఇంట్లో మా ఆవిడ పిండి కలుపుతుంటే చూసి వచ్చాను పొద్దున."

మళ్లీ ఆట మొదలైంది. గీత ఒరిగింది. ఆట అయిపోయాక హీటర్లు వేసుకున్నారు, ఆమె చెప్పినంతే.

శుక్రవారం ఎనిమిదింటికి మయ్రా రోజు నివేదిక రాయడానికి కూర్చుంది. గాలి: చెప్పింది తొమ్మిది వందలు, వచ్చింది సగటున తొమ్మిది వందల మూడు. గ్యాస్: సున్నా. ఆపిన గాలిమరలు: సున్నా. ఇక్కడిదాకా చకచకా రాసింది. తర్వాతి లైను దగ్గర పెన్ను కాస్త ఆగింది. అప్పుడు రాసింది: 'సగం ఆటప్పుడు వాడకం అంచనా ఎనభై మెగావాట్లు తప్పింది. ఇరవై తొమ్మిదో తేదీ సంగతి లెక్కలోకి తీసుకోలేదు. తప్పు నాది. నీటితో సరిదిద్దాం.' కింద పేరు.

హెబర్ భుజం మీదుగా చదివాడు.

"ఆ మాట తీసెయ్. సరిదిద్దాం అని రాస్తే చాలు. ఏం తప్పు, ఎవరి తప్పు అని ఎవరడుగుతారు? సంతకాలన్నీ నీవే. పైవాళ్లకి ఇదొక్కటే కనబడుతుంది."

"కనబడనివ్వండి. గాలి తప్పలేదు, నేను తప్పాను. రెండూ కలిపి రాస్తే మళ్లీ గాలి మీదకే పోతుంది."

"గ్యాస్ నడుస్తుంటే నిన్న నాకు ఆ ఐదు నిమిషాల హడావుడి ఉండేది కాదు."

"నడుస్తుంటే అది తొంభై ఎక్కడానికి తొమ్మిది నిమిషాలు. నిన్న రాత్రే టర్బైన్ పుస్తకం చూశాను. మీకు సెర్రో పోయేది."

ఆమె రోజూ వాడే అంచనా కాగితం తెరిచి, అందులో రెండు కొత్త గడులు గీసింది. 'తగ్గించినది ఎంత, ఎందుకు.' 'తగ్గించినవారి పేరు.' పది కాపీలు తీసి, ఒకటి మాబెల్‌కు తీసుకెళ్లింది.

మాబెల్ మీటింగుకు కోటు వేసుకుంటోంది. కొత్త గడులు చూసింది, రోజు నివేదిక చూసింది, న్యోకీల దగ్గర పెదవి ఒక పక్కకు లాగింది. తన పాత నివేదికలోంచి రెండో పేజీ పిన్ను ఊడదీసి, దాని స్థానంలో మయ్రా నలభై రోజుల కాగితం పెట్టింది. 'నా తప్పు' అని చుట్టిన రెండు గళ్లతో సహా.

"గ్యాస్ వద్దంటారని నేను మాటివ్వలేను," అంది. "ఎవరు ఎంత కొట్టేశారో మాత్రం ఇవాళ అడుగుతారు. ఈ గడులు ఇవాళ్టి నుంచే వాడండి." తలుపు దగ్గర ఆగింది. "నెల దాటినా సోమవారం పొద్దున షిఫ్టు నీదే. ఆలస్యంగా రాకు."

రెండున్నరకు శనివారం కాగితం తయారైంది. మయ్రా గాలి గడిలో ఆరు వందల పది రాసి హెబర్ ముందు పెట్టింది. ఈసారి రెండో సంతకం ఆయనది.

ఆయన కళ్లజోడు తుడుచుకుని, పెన్ను తీసి, ఎప్పటిలాగే పక్క గడిలో నాలుగు వందల ముప్పై అని వేశాడు. చెయ్యి అలవాటుగా కిందికి జారింది. కొత్త గడి దగ్గరికి వచ్చింది. 'ఎందుకు.'

పెన్ను గాల్లోనే ఉంది. మయ్రా తన తెర వైపు తిరిగి కూర్చుంది, కానీ తెర మీద ఏమీ చదవలేదు. గోడ గడియారంలో మూడుకు ఇంకా పది నిమిషాలున్నాయి.

"శనివారం గాలి ఎటు నుంచి?" అన్నాడు హెబర్.

"తూర్పు నుంచి. మధ్యాహ్నానికి తగ్గి, మళ్లీ ఎక్కుతుంది. ఆ తగ్గిన గంటలు విడిగా రాశాను, కింద ఉన్నాయి."

ఆయన కింద ఉన్నవి చదివాడు. ఒక్కో గంట మీదా పెన్ను చివర ఆనించి, పెదవులు కదుపుతూ చదివాడు.

"డ్యామ్‌లో నీళ్లు?"

"నిన్న మిగిల్చినవి ఉన్నాయి."

"తారీఖు ముప్పై ఒకటి. తిండి గొడవలేం లేవు కదా?"

"చూశాను. లేవు."

నాలుగు వందల ముప్పై మీద ఆయన అడ్డంగా ఒక గీత గీశాడు. పైన ఆరు వందల పది అని వేశాడు. సంతకం చేసి, ఫోన్ దగ్గరికి జరుపుకుని, గ్యాస్ కంపెనీ నంబరు చూడకుండానే నొక్కాడు.

"పిరిస్‌ని. రేపటికి," అన్నాడు. "సున్నా."

అవతలివాళ్లు ఏదో అడిగారు. హెబర్ విసుక్కోలేదు.

"విన్నది సరిగ్గానే విన్నావు. సున్నా అనే రాసుకో. ఎవరు చెప్పారంటే పక్కన నా పేరు రాయి."